ఇంతకీ ఈయన ఎవరు?

తెలుగింట్లో రాజకీయ సిరీస్ పెడితే మొదటి పావుగంట కథ ఎవరి బుర్రకీ ఎక్కదు. తెర మీద కనిపించిన ప్రతి మనిషికీ ఒక అసలు పేరు తగిలించడంతోనే ఆ పావుగంట గడిచిపోతుంది. "ఈయన ఎవరు?" అని ఒకరు అడుగుతారు. ఇంకొకరు చెబుతారు. మూడో ఆయన ఒప్పుకోడు. "అప్పటికి ఆయన ఆ పార్టీలోనే లేడు" అంటూ సంవత్సరాలతో సహా వాదనకు దిగుతాడు. రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా సిరీస్ కాసేపు ఆగాల్సిందే.

2025 ఆగస్టు 7న సోనీ లివ్‌లో 'మయసభ' విడుదలైనప్పుడు ఈ ఆట ఊరూరా నడిచింది. 'ప్రస్థానం', 'రిపబ్లిక్' తీసిన దేవ కట్టా, కిరణ్ జయ్ కుమార్‌తో కలిసి దర్శకత్వం వహించిన సిరీస్ ఇది. కాకర్ల కృష్ణమ నాయుడు, ఎం.ఎస్. రామిరెడ్డి అనే ఇద్దరు స్నేహితులు రాజకీయాల్లోకి వస్తారు. పోనుపోను ఎదురెదురు నిలుస్తారు. నాయుడిగా ఆది పినిశెట్టి, రెడ్డిగా చైతన్య రావు నటించారు. సినిమాల్లోంచి వచ్చి పార్టీ పెట్టే ఆర్.సి.ఆర్. పాత్రలో సాయికుమార్, ఢిల్లీలో చక్రం తిప్పే ఐరావతి బసుగా దివ్యా దత్తా కనిపిస్తారు. ఇది కల్పిత కథేనని తీసినవాళ్లు చెప్పుకున్నారు. ఇన్ని ఆనవాళ్లు ఇచ్చాక పేర్లు మార్చడం తెలుగు ప్రేక్షకుడికి ఓ లెక్కా? 

ఎందుకంటే అసలు కథ వాళ్లకు కంఠస్థం. చంద్రబాబు నాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇద్దరూ 1978లోనే తొలిసారి శాసనసభలో అడుగుపెట్టారు. ఒకరు చంద్రగిరి నుంచి, మరొకరు పులివెందుల నుంచి. టి. అంజయ్య ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఇద్దరికీ మంత్రి పదవులు దక్కాయి. 1981లో చంద్రబాబు ఎన్టీఆర్‌కు అల్లుడయ్యారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో చంద్రబాబు కాంగ్రెస్ అభ్యర్థిగానే నిలబడి చంద్రగిరిలో ఓడిపోయారు, తర్వాత మామగారి పార్టీలో చేరారు. కల్పించి రాసినా ఇంత మలుపులతో రాయడం కష్టం. ఇద్దరూ ఒకప్పుడు మిత్రులన్న మాట రెండు పార్టీల కార్యకర్తలకూ తెలుసు, రెండు వైపులా అంతగా రుచించదు కూడా. దేవ కట్టా పట్టుకున్నది సరిగ్గా ఆ నరాన్నే.

సిరీస్ చూసి జనం ఏం మాట్లాడుకున్నారని కాస్త చెవి ఒగ్గి వింటే ఒక సంగతి తేలుతుంది. మొదటి మాట పోలిక మీద. నడక కుదిరిందా, గొంతు కుదిరిందా, ఆ కాలపు కాలరు అలాగే ఉండేదా! రెండో మాట వాటా మీద. ఏ పక్షం అభిమాని ఆ పక్షం మనిషికి ఎన్ని సీన్లు పడ్డాయో, ఎదుటివాడికి ఎన్ని చప్పట్ల డైలాగులు పడ్డాయో లెక్కపెట్టుకుంటాడు. త్యాగం ఎవరు చేశారు, తప్పు ఎవరి ఖాతాలో వేశారు అన్నది మూడో మాట. కథనం పట్టు, నటన లోతు, సంభాషణల పదును... ఇవన్నీ ఆ తర్వాతే. నాటకాన్ని నాటకంగా చూసినవాళ్లు లేకపోలేదు గాని, వాళ్ల గొంతు ఈ గోలలో వినబడడం తక్కువ.

నటులకు ఇది చాలా అన్యాయం. సాయికుమార్ ఆ పాత్రకు తెచ్చిన గాంభీర్యాన్ని ఎన్టీఆర్‌తో ఎంత పోలిందన్న కొలతతోనే కొలిస్తే, అది మిమిక్రీకి వేసే మార్కులవుతుంది. ఆది, చైతన్య ఇద్దరూ ఇంకా ఏ పదవీ లేని, ఎటు వెళ్లాలో తేల్చుకోని యువకులను చూపించాల్సి వచ్చింది. జనం మనసులో ఉన్నదేమో ముఖ్యమంత్రుల ముఖాలు. పాతికేళ్ల కుర్రాడు తడబడితే, "మా నాయకుడు అలా ఉండేవాడు కాదు" అనేవాళ్లు తయారు. పాతికేళ్ల వయసులో ఆ నాయకుణ్ని వాళ్లెవరూ చూసింది లేదు.

ఇంకో రకం ప్రేక్షకులూ ఉన్నారు. 1995 తర్వాత పుట్టినవాళ్లు. వాళ్లకు ఐరావతి బసు ఎవరో పోల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఎమర్జెన్సీ అంటే పాఠ్యపుస్తకంలో ఒక పేరా. ఒక కన్ను సిరీస్ మీద, ఇంకో కన్ను ఫోన్ మీద వేసి, ఏది జరిగింది ఏది కల్పన అని వెతుక్కుంటూ చూశారు. తాతలతో, తండ్రులతో మాట కలిపారు. 'మయసభ' వల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే ఇదే.

దెబ్బలు తిన్న పోలిక

తెర మీది మనిషికీ బయట మనిషికీ తేడా చెరిపేసుకోవడం తెలుగువాళ్లకు సిరీస్‌లతో వచ్చిన అలవాటు కాదు. 1987లో ప్రభాకరరెడ్డి దర్శకత్వంలో 'మండలాధీశుడు' వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌ను బాహాటంగా వెక్కిరించిన సినిమా. ఆ వేషం వేసింది అప్పటికి ఇంకా నిలదొక్కుకుంటున్న కోట శ్రీనివాసరావు. తర్వాత విజయవాడ రైల్వే స్టేషన్‌లో ఎన్టీఆర్ అభిమానులు తన మీద చేయి చేసుకున్నారని కోటే ఇంటర్వ్యూల్లో చెప్పారు. నటుడి మీద అంతకంటే సూటి అభిప్రాయం ఎవరు మాత్రం చెప్పగలరు!

కొసమెరుపు ఏమిటంటే, పన్నెండేళ్ల తర్వాత, 1999లో, అదే విజయవాడలో తూర్పు నియోజకవర్గం నుంచి కోట బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ ఎన్నికల్లో బీజేపీకి పొత్తు తెలుగుదేశంతోనే.

2019 వచ్చేసరికి దెబ్బలాట పద్ధతి మారింది. అభిమానుల చేతుల్లోంచి నిర్మాతల చేతుల్లోకి వెళ్లింది. ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్ పోలింగ్. దానికి ముందు మూడు నెలల్లో వరసగా జీవితకథలే. జనవరిలో 'ఎన్టీఆర్ కథానాయకుడు', ఫిబ్రవరి 8న వై.ఎస్. పాదయాత్ర మీద మమ్ముట్టితో 'యాత్ర', అదే నెల 22న 'ఎన్టీఆర్ మహానాయకుడు', మార్చి చివర్లో రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్'. చివరిది ఆంధ్రప్రదేశ్‌లో ఆడకుండా హైకోర్టు ఆపింది. ఏప్రిల్ 10న నరేంద్ర మోదీ జీవితకథా చిత్రాన్ని ఎన్నికల సంఘం నిలిపివేసినప్పుడు 'లక్ష్మీస్ ఎన్టీఆర్', కేసీఆర్ మీద తీసిన 'ఉద్యమ సింహం' మీద వచ్చిన ఫిర్యాదులూ ఆ ఉత్తర్వులో ప్రస్తావనకు వచ్చాయి.

ఈ సినిమాల్లో ఎన్టీఆర్ మీద వచ్చిన వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. బాలకృష్ణ, క్రిష్ తీసిన కథ 1984 సంక్షోభాన్ని దాటి ఎన్టీఆర్ భార్య బసవతారకం మరణం దగ్గర ముగుస్తుంది. వర్మ తీసిన కథ ఎన్టీఆర్ అధికారం పోగొట్టుకున్న 1989 దగ్గర మొదలవుతుంది. ఒకే మనిషి జీవితాన్ని రెండు పక్షాలు నడిమికి కోసి, ఎవరికి కావలసిన సగం వాళ్లు పట్టుకెళ్లారు. ఒక సగం చూసినవాడు రెండో సగాన్ని ఒప్పుకోడు. ఇలాంటి సినిమాలు చూసి చూసి ఉన్న జనం ముందుకు ఓ సిరీస్ వచ్చి "ఇది ఇద్దరి కథ" అంటే, "నిజం చెప్పు, నువ్వు ఎవరి మనిషివి?" అని అడగకుండా ఎలా ఉంటారు? ఆ అనుమానం మన ప్రేక్షకులకు పుట్టుకతో వచ్చింది కాదు. తీసినవాళ్లు నేర్పిందే.

ఏ పార్టీవాడో తెలియని మంత్రి

ఈ అనుమానానికి అందకుండా తప్పించుకున్న సిరీస్ ఒకటుంది. బీబీసీలో 1980 ఫిబ్రవరి 25న మొదలైన 'యెస్ మినిస్టర్'. దాన్ని 1979 ఎన్నికల ముందే ప్రసారం చేసి ఉండేవారు, ఓటర్ల మీద ప్రభావం పడుతుందేమోనని బీబీసీ వాయిదా వేసింది. తీరా వచ్చాక చూస్తే అందులో కథానాయకుడు జిమ్ హ్యాకర్ ఏ పార్టీవాడో ఎక్కడా చెప్పరు. మంత్రిగా మూడు సీజన్లు, 'యెస్, ప్రైమ్ మినిస్టర్' పేరుతో ప్రధానిగా మరో రెండు. 1988 జనవరి దాకా మొత్తం 38 ఎపిసోడ్లు నడిచినా ఆ ముడి విప్పలేదు.

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ దాన్ని రాశారు. ఇద్దరికీ రాజకీయాభిప్రాయాలు వేరు. సరుకు మాత్రం బయటినుంచి తెచ్చుకున్నారు. హెరాల్డ్ విల్సన్ మంత్రివర్గంలో పనిచేసిన రిచర్డ్ క్రాస్‌మన్ డైరీలు, విల్సన్ దగ్గర పనిచేసిన వాళ్లు చెప్పిన ముచ్చట్లు వాళ్లకు ముడిసరుకు. అంటే పునాది లేబర్ ప్రభుత్వంలో జరిగిన సంగతులు. విరగబడి నవ్విందేమో కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్. 1984 జనవరిలో ఒక అవార్డు సభలో ఆమె సిరీస్‌లోని ప్రధాన నటులు పాల్ ఎడింగ్టన్, నైజెల్ హాథార్న్‌తో కలిసి వేదికెక్కి చిన్న స్కిట్‌లో నటించారు కూడా. ఆమె పక్కన నిలబడడం నటులిద్దరికీ అంత ఇష్టం లేకపోయిందని అంటారు. 

ఆ సిరీస్‌లో పోట్లాట పార్టీల మధ్య ఉండదు. మంత్రికీ ఆయన శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీకీ మధ్య ఉంటుంది. అందులో విలన్ అంటూ ఉంటే ఫైలే. అందుకే బ్రిటన్ ప్రేక్షకుల్లో "ఈయన ఎవరు?" అన్న ప్రశ్న పుట్టలేదు. "మా ఆఫీసులోనూ ఇంతే" అన్న మాట పుట్టింది. మన దేశంలోనూ ఐఏఎస్ అధికారులు దాన్ని చెప్పుకుని చెప్పుకుని నవ్వుకుంటారు. 2001లో స్టార్ ప్లస్ దాన్ని ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ'గా హిందీలో తీసింది. తెలుగులోకి మాత్రం ఎవరూ తేలేదు. మండల ఆఫీసు నుంచి సచివాలయం దాకా ఒక్క సంతకం కోసం తిరిగిన అనుభవం లేని తెలుగు కుటుంబం ఎన్ని ఉంటాయి? అయినా మన రచయితల చూపు ఎప్పుడూ కుర్చీ మీదే. ఆ కుర్చీ వెనక నిలబడి ఫైలు తిప్పే మనిషి మీదికి పోదు.

వాదనకు దిగిన రచయిత

అమెరికాలో ఎన్‌బీసీ చానల్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. 1999 సెప్టెంబరు 22న మొదలైన 'ది వెస్ట్ వింగ్'లో అధ్యక్షుడు జొసయ్యా బార్ట్‌లెట్ పచ్చి డెమోక్రాట్. మార్టిన్ షీన్ ఆ పాత్ర. నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త, బైబిలు కంఠతా వచ్చిన కేథలిక్, తనకున్న నరాల జబ్బును దేశానికి చెప్పకుండా దాచిన మనిషి. క్లింటన్ దగ్గర ప్రెస్ సెక్రటరీగా చేసిన డీడీ మయర్స్ సలహాదారు. రీగన్‌కు ప్రసంగాలు రాసిన పెగీ నూనన్ లాంటి రిపబ్లికన్లను కూడా తర్వాత పిలిచారు. అయినా 'లెఫ్ట్ వింగ్' అన్న ఎగతాళి పేరు పడనే పడింది. ఉత్తమ డ్రామాగా వరసగా నాలుగేళ్లు ఎమ్మీ గెలిచినా ఆ పేరు పోలేదు. జార్జి బుష్ పాలనలో డెమోక్రాట్లు ఎందరికో బుధవారం రాత్రి గంటసేపు తమవాడే అధ్యక్షుడన్న ఊరట అది. రిపబ్లికన్లకు అదే ఒళ్లు మండించింది.

ప్రేక్షకుల మాట రచయితను ఎంత కుదిపేస్తుందో చెప్పడానికి ఈ సిరీస్‌ను మించిన ఉదాహరణ లేదు. సృష్టికర్త ఆరన్ సోర్కిన్, తన సిరీస్‌ను చీల్చి చెండాడే ఒక వెబ్‌సైట్‌లోకి స్వయంగా వెళ్లి అభిమానులతో వాదనకు దిగారు. మెచ్చుకున్నప్పుడు బాగానే ఉంది, తిట్టినప్పుడు తట్టుకోలేకపోయారు. ఆ మంటనంతా ఒక ఎపిసోడ్‌లో కక్కారు. 2002 మార్చిలో వచ్చిన ఆ భాగంలో వైట్‌హౌస్ అధికారి జాష్ లైమన్, తన పేరు మీద అభిమానులు నడిపే సైట్‌ను చూసి పొంగిపోయి ఏదో రాస్తాడు. అభిమానులు అతన్నే ఉతికి ఆరేస్తారు. చివరికి ప్రెస్ సెక్రటరీ వచ్చి గడ్డి పెడుతుంది. అందులో అభిమానులను చూపించిన తీరు అసలు అభిమానులకు నచ్చలేదని వేరే చెప్పక్కర్లేదు. రాసినవాడు ప్రేక్షకుడి మీద తీర్పు చెప్పిన అరుదైన సందర్భం. అంత హుందాగా ఏమీ లేదు.

నాలుగో సీజన్ తర్వాత సోర్కిన్ తప్పుకున్నా సిరీస్ 2006 మే దాకా సాగింది. చివరి రెండేళ్లలో బార్ట్‌లెట్ తర్వాత ఎవరు అన్న పోటీ. డెమోక్రాట్ల తరఫున యువకుడు, లాటినో అయిన మాథ్యూ సాంటోస్. అవతల అందరికీ గౌరవం ఉన్న వృద్ధ రిపబ్లికన్ సెనేటర్ ఆర్నాల్డ్ వినిక్. 2005 నవంబరు 6న ఇద్దరి చర్చను ప్రత్యక్ష ప్రసారం చేశారు. తూర్పు తీరానికి ఒకసారి, పడమర తీరానికి మళ్లీ ఒకసారి నటులు మొత్తం ఆడారు. సంధానకర్తగా నిజం పాత్రికేయుణ్నే కూర్చోబెట్టారు. వినిక్‌గా ఆలన్ ఆల్డా ఎంత బాగా చేశారంటే, డెమోక్రాట్ ప్రేక్షకులు కూడా ఆయనకే ఓటేయాలనిపించిందని చెప్పుకున్నారు. అంతకాలం ఒక పక్షానిదని ముద్రపడిన సిరీస్, ప్రత్యర్థిని గౌరవంగా రాసిన రోజున అందరిదీ అయింది. 

సాంటోస్ పాత్ర వెనక ఇంకో కథ ఉంది. రచయిత ఈలై ఆటీ ఆ పాత్రను తీర్చిదిద్దేటప్పుడు రాజకీయ సలహాదారు డేవిడ్ ఆక్సెల్‌రాడ్‌కు ఫోన్ చేసి, ఆయన క్లయింటు ఒకాయన గురించి వివరాలు అడిగారు. అప్పటికి ఆ క్లయింటు ఇల్లినాయ్ రాష్ట్ర నాయకుడు, పేరు బరాక్ ఒబామా. 2008లో ఒబామా, వృద్ధ రిపబ్లికన్ సెనేటర్ మెకైన్ ఎదురెదురుగా నిలిచినప్పుడు ఆ సిరీస్ చూసినవాళ్లకు అప్పటికే ఒకసారి చూసిన ఎన్నిక మళ్లీ చూస్తున్నట్టు అనిపించింది.

అదే ఒబామా అధ్యక్షుడయ్యాక 'హౌస్ ఆఫ్ కార్డ్స్' అభిమాని. 2014 ఫిబ్రవరిలో రెండో సీజన్ వచ్చే ముందు రోజు, కథ ముందే చెప్పేయొద్దని ట్వీట్ చేశారు. అందులో నాయకుడు హత్యలకూ వెనుదీయడు, ఒకదాని తర్వాత ఒకటి పనులు చకచకా చక్కబెట్టేస్తాడు. వాషింగ్టన్‌లో పనులు అంత చురుగ్గా జరిగితే బాగుండునని ఒబామా ఓ సమావేశంలో చమత్కరించారు. ప్రేక్షకుడిగా ఆయన అభిప్రాయంలో పాలకుడి నిట్టూర్పు ఉంది.

దానికి మాతృక బ్రిటిష్ సిరీస్. తన పార్టీ ప్రధానికే గోతులు తవ్వే విప్ కథ. బీబీసీలో 1990 నవంబరు 18 ఆదివారం రాత్రి మొదటి భాగం వచ్చింది. థాచర్ తప్పుకున్న తర్వాత పార్టీలో కుర్చీ కోసం కొట్లాట అన్నది అందులో ఊహ. రెండు రోజులకు, మంగళవారం, నిజంగానే థాచర్ నాయకత్వం మీద పార్టీలో ఓటింగ్ జరిగింది. గురువారం ఆమె తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. వార్తలకూ సిరీస్‌కూ మధ్య గీత చెరిగిపోయిన వారం అది.

డెన్మార్క్‌ది మరో విచిత్రం. 2010 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వ చానల్ డీఆర్‌లో 'బోర్గెన్' మొదలైంది. బిర్గిట్టె న్యూబోర్గ్ అనే మహిళ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అవుతుంది. ఏడాది తిరిగేసరికి, 2011 అక్టోబరులో, హెలె తోర్నింగ్ ష్మిట్ నిజంగా తొలి మహిళా ప్రధాని అయ్యారు. సిరీస్‌లో న్యూబోర్గ్ పార్టీ పేరు మోడరేట్స్. మాజీ ప్రధాని లార్స్ లోకె రాస్ముసెన్ 2022లో అదే పేరుతో మధ్యేవాద పార్టీ పెట్టి ఆ ఏడాది ఎన్నికల్లో 16 స్థానాలు గెలిచారు. పొత్తు బేరాలు, శాఖల పంపకం, ఇంట్లో పిల్లల బెంగ... ఈ మామూలు సంగతులతోనే చిన్న దేశంలో పది లక్షల మందికి పైగా కూర్చుని చూసేలా తీశారు. తుపాకీ పేలకుండా, ఎవరూ ఎవర్నీ నరక్కుండా రాజకీయం మీద సిరీస్ తీయొచ్చని మనవాళ్లు దాన్ని చూసైనా నమ్మాలి.

అభిప్రాయం బ్యాలెట్ పెట్టెలో పడితే

ఉక్రెయిన్‌లో ప్రేక్షకులు చెప్పిన అభిప్రాయాన్ని మాత్రం ఎన్నికల సంఘం లెక్కపెట్టింది. 2015 నవంబరు 16న '1+1' చానల్‌లో 'సర్వెంట్ ఆఫ్ ద పీపుల్' మొదలైంది. వాసిల్ హొలొబొరొద్కో అనే హైస్కూలు చరిత్ర మాస్టారు దేశంలోని అవినీతిని తిట్టిపోస్తాడు. ఓ విద్యార్థి దాన్ని వీడియో తీసి పెడతాడు. అది చూసి జనం ఆ మాస్టార్ని దేశాధ్యక్షుణ్ని చేస్తారు. మాస్టారుగా నటించినాయన వొలొదిమిర్ జెలెన్‌స్కీ. 

2018 మార్చిలో సిరీస్ పేరుతోనే పార్టీ రిజిస్టరైంది. ఆ డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరానికి కాస్త ముందు, అదే చానల్లో జెలెన్‌స్కీ తాను అధ్యక్ష పోటీలో ఉన్నట్టు చెప్పారు. మూడో సీజన్ 2019 మార్చి 27న మొదలైంది, తొలి విడత పోలింగ్ 31న. ఏప్రిల్ 21న రెండో విడతలో 73 శాతానికి పైగా ఓట్లతో ఆయన గెలిచారు. జులైలో పార్లమెంటు ఎన్నికల్లో సిరీస్ పేరున్న పార్టీకి 254 స్థానాలు. ప్రచారంలో ఆయన పెద్ద సభలు పెట్టింది తక్కువ, విధానాలు వివరించింది ఇంకా తక్కువ. వివరించాల్సిందంతా హొలొబొరొద్కో మూడేళ్లుగా వివరిస్తూనే ఉన్నాడు.

తెలుగువాళ్లకు ఇందులో ఆశ్చర్యపడాల్సింది తక్కువ. పార్టీ పెట్టిన తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో, ఎన్టీఆర్ అధికారంలోకి వచ్చారు. తేడా ఒక్కటుంది. తెలుగు ఓటర్లు రాముణ్ని, కృష్ణుణ్ని వేసిన నటుణ్ని ఎన్నుకున్నారు. ఉక్రెయిన్ ఓటర్లు అధ్యక్షుడి వేషాన్నే ఎన్నుకున్నారు. 

మన దేశంలో అభిప్రాయం ఇంకో చోటికి వెళ్తుంది. పోలీస్ స్టేషన్‌కి. 2021 జనవరి 15న అమెజాన్ ప్రైమ్‌లో సైఫ్ అలీ ఖాన్ నటించిన 'తాండవ్' వచ్చింది. ప్రధాని కుర్చీ కోసం తండ్రినే చంపే కొడుకు కథ. వివాదం దాని మీద రాలేదు. కాలేజీ నాటకంలో శివుడి వేషం ఉన్న సన్నివేశం మీద వచ్చింది. లక్నో హజ్రత్‌గంజ్‌తో మొదలుపెట్టి పలుచోట్ల కేసులు పడ్డాయి. మూడు రోజుల్లో యూనిట్ క్షమాపణ చెప్పింది, ఆ వెంటనే సన్నివేశాలు తీసేశారు. అయినా అమెజాన్ అధికారి అపర్ణా పురోహిత్‌కు ఫిబ్రవరి 25న అలహాబాద్ హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. ఓటీటీలను నియంత్రణ కిందికి తెచ్చే ఐటీ నిబంధనలను కేంద్రం నోటిఫై చేసిందీ ఆ రోజే. మార్చి 5న సుప్రీంకోర్టు ఆమెకు అరెస్టు నుంచి రక్షణ ఇచ్చింది. సిరీస్‌గా 'తాండవ్' గొప్పదేమీ కాదు. నచ్చకపోతే బాగాలేదని చెప్పి వదిలేయదగ్గ సిరీస్‌కు కోర్టుల దాకా ప్రయాణం తప్పలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు పేరు మార్పును కవచంలా తొడుక్కున్నారు. అదే ఏడాది మే 28న వచ్చిన 'మహారాణి'లో హ్యూమా ఖురేషీ, రాత్రికి రాత్రి బిహార్ ముఖ్యమంత్రి అయిన గృహిణి రాణి భారతి. 1997 జులైలో రబ్రీ దేవి ప్రమాణ స్వీకారం గుర్తుకు రానిదెవరికి? కాదని తీసినవాళ్లు చెప్పారు, అవునని చూసినవాళ్లు నవ్వుకున్నారు. అంతకుముందు 2019 డిసెంబరులో రమ్యకృష్ణ నటించిన 'క్వీన్'లో జయలలిత జీవితం శక్తి శేషాద్రి పేరుతో నడిచింది. 'మయసభ' కూడా ఆ వరసలోదే. పేరు మార్చడం కోర్టు మెట్లు తప్పించడానికి పనికొస్తుంది గాని, ప్రేక్షకుణ్ని ఎలాగూ ఏమార్చదు. పైగా ఒక చెడ్డ అలవాటు చేస్తుంది. కథ ఏం చెబుతోందో వినకుండా, పజిల్ పూరించినట్టు పేర్లు పూరించుకుంటూ కూర్చుంటారు.

ఇక్కడ మన ప్రేక్షకుల తరఫున ఒక మాట చెప్పాలి. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించిన నెల రోజులు గాని, అధికారం ఎన్టీఆర్ నుంచి చంద్రబాబు చేతికి మారే ముందు, 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ చుట్టూ తిరిగిన రోజులు గాని, తెలుగులో అన్ని పక్షాలూ ఒప్పుకునేలా రాసిన పుస్తకం చూపించమంటే కష్టం. ఏ పత్రిక ఎవరిదో, ఏ చానల్ ఎవరిదో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అలాంటప్పుడు ఒక సిరీస్ వచ్చి ఆ రోజుల్ని చూపిస్తే, జనం దాన్ని చరిత్ర పుస్తకంలా తనిఖీ చేయడంలో తప్పేముంది? తేదీలు సరిచూస్తారు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో గుర్తు చేసుకుంటారు. నాటకం మీద పడకూడని బరువే, కానీ ఆ బరువు మోయాల్సిన వాళ్లు మోయలేదు.

'మయసభ' తొలి సీజన్ ప్రధానంగా ఇద్దరి యవ్వనం, రాజకీయ ప్రవేశం మీదే నడిచింది. అసలు కారం ముందుంది. అది వచ్చేలోపు ఒక పని చేయొచ్చు. 1983నీ 1995నీ కళ్లారా చూసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈసారి సిరీస్ పెట్టినప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. "ఈయన ఎవరు?" అని ఎలాగూ అడుగుతారు, అడగండి. దాంతోపాటు కిలో రెండు రూపాయల బియ్యం మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు ఎలా ఉందో, 1984లో కరణం, మునసబు పదవులు పోయినప్పుడు ఊళ్లో ఎవరి అరుగు ఖాళీ అయిందో, మండలాలు వచ్చాక ఆఫీసు ఏ ఊరికి వెళ్లిందో, దానికోసం ఎవరెవరు కొట్టుకున్నారో కూడా అడగండి. చెబుతున్నప్పుడే ఫోన్‌లో రికార్డు చేసిపెట్టుకోండి. 1983లో తొలిసారి ఓటేసినవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది.